గోడలు కొత్తవి.. గొట్టాలు పాతవే!

* పాత భవనాల ఆధునికీకరణలో మెకానికల్‌ పనులకు దక్కని ప్రాధాన్యం
* గుత్తేదారు అర్హతలపై టెండర్లలో కొరవడుతున్న స్పష్టత
* ఆసుపత్రుల్లో పొరపాటు జరిగితే మూల్యం ప్రాణాలే

జిల్లా, డివిజన్‌ కేంద్రాల్లో పాత భవనాలు కొత్త రూపు సంతరించుకుంటున్నాయి. ఒకప్పటి సాధారణ వార్డు నవజాత శిశు సంరక్షణ కేంద్రమవుతోంది. సామాన్లు పడేసిన గది డయాలసిస్‌ యూనిట్‌గా మారుతోంది. ప్రధాన రహదారిపై ఉన్న లాడ్జి కొద్ది నెలల్లోనే నర్సింగ్‌ హోం బోర్డు తగిలించుకుంటోంది. రంగులు, టైల్స్‌, అద్దాల తలుపులు, ఫాల్స్‌ సీలింగ్‌తో భవనం మెరిసిపోతుంది. ప్రారంభోత్సవం నాడు అతిథుల చూపు వాటిపైనే ఉంటుంది. సీలింగ్‌ పైన ఏముందో అడిగేవారు అరుదు.

భవనం ఎలా పనిచేస్తుందన్నది తేలేది మాత్రం అక్కడే. శీతలీకరణ యంత్రాలు, గాలిని మోసే డక్టులు, నీటి పంపులు, మంటలార్పే నీటి గొట్టాలు, లిఫ్టులు, ఆసుపత్రి అయితే ప్రాణవాయువు గొట్టాలు.. వీటన్నింటినీ కలిపి మెకానికల్‌ పనులు అంటారు. కొత్త భవనం కట్టేటప్పుడు వీటికి దారి ముందే వదులుతారు. పాత భవనాన్ని మార్చేటప్పుడు ఉన్న గోడలు, ఉన్న దూలాలు, ఉన్న వైర్ల మధ్య నుంచే దారి వెతకాలి. అందుకే కొత్త నిర్మాణం కంటే మార్పు పని కష్టమైనది. దాన్ని చేపట్టే గుత్తేదారుకు ఉండాల్సిన అర్హతలు కూడా ఎక్కువే. ఆచరణలో దీనికి భిన్నంగా జరుగుతోంది.

లైసెన్సు అడగని రంగం

ఇంట్లో మీటరు నుంచి వైరు లాగాలన్నా లైసెన్సు ఉన్న విద్యుత్‌ గుత్తేదారు ఉండాలని నిబంధనలు చెబుతున్నాయి. ద్రవ ఆక్సిజన్‌ ట్యాంకు పెట్టాలంటే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ అనుమతి తప్పనిసరి. నిర్ణీత ఎత్తు దాటిన భవనాలకు, జనం గుమిగూడే భవనాలకు అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం కావాలి. అయితే భవనమంతటికీ గాలిని పంపే శీతలీకరణ వ్యవస్థను అమర్చే గుత్తేదారుకు మాత్రం విద్యుత్‌ లైసెన్సు వంటి ప్రత్యేక ప్రభుత్వ లైసెన్సు మన దగ్గర లేదు. నిన్నటి దాకా ఫ్రిజ్‌లు బాగుచేసిన దుకాణం నేడు ఆపరేషన్‌ థియేటర్‌కు డక్టింగ్‌ వేస్తానన్నా చట్టపరంగా అడ్డుచెప్పేవారు ఉండరు.

ఇంజినీరింగ్‌ శాఖల్లో గుత్తేదారులకు తరగతుల వారీ నమోదు ఉన్న మాట నిజమే. అది ప్రధానంగా ఎంత విలువైన పనికి పోటీ పడవచ్చో చెబుతుంది. ఆ గుత్తేదారుకు గాలి ఒత్తిడి లెక్కలు తెలుసా, రాగి గొట్టాన్ని లోపల మసి పట్టకుండా అతకగల పనివాడు ఉన్నాడా అన్నది చెప్పదు. చట్టం వదిలేసిన ఈ ఖాళీని పూరించాల్సింది టెండరు పత్రమే. అందులో నాలుగు షరతులు సరిగా రాయకపోతే ఆ తరువాత అడిగే హక్కు కూడా ఉండదు.

ప్రమాణాలు లేవని చెప్పడానికి వీల్లేదు. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతిలో అగ్ని భద్రతకు నాలుగో భాగం, శీతలీకరణ, గాలి ప్రసరణ, లిఫ్టులు తదితర సేవలకు ఎనిమిదో భాగం, నీటి సరఫరా, మురుగు పారుదలకు తొమ్మిదో భాగం కేటాయించారు. ఆసుపత్రుల గుర్తింపు సంస్థ ఎన్‌ఏబీహెచ్‌ శస్త్రచికిత్స గదుల గాలిపై విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. పుస్తకాల్లో ఉన్న ఈ అంకెలు అంచనా పత్రంలోకి రావడం లేదన్నదే అసలు సమస్య.

సివిల్‌ చాటున మెకానికల్‌

సాధారణంగా మరమ్మతు, ఆధునికీకరణ పనులన్నీ ఒకే ప్యాకేజీగా పిలుస్తారు. విలువలో సింహభాగం సివిల్‌ పనులదే కాబట్టి సివిల్‌ గుత్తేదారుకే అది దక్కుతుంది. ఏసీలు, గొట్టాలు, పంపుల పనిని ఆయన మరొకరికి అప్పగిస్తారు. ఆ ఉప గుత్తేదారు డక్టులు ఒకరికి, రాగి గొట్టాలు ఇంకొకరికి ఇస్తారు. చేతులు మారిన కొద్దీ ధర తగ్గుతుంది, బాధ్యత పలచబడుతుంది. చివరకు సీలింగ్‌ పైకెక్కి పనిచేసే వ్యక్తికి నక్షా చేతికందదు. రేపు ఏదైనా జరిగితే శాఖ గుత్తేదారును, గుత్తేదారు ఉప గుత్తేదారును చూపించడమే మిగులుతుంది.

ఒకే గుత్తేదారుకు అన్ని పనులూ ఇవ్వడం తప్పు కాదు. సమన్వయం కుదిరితే మేలే. కాకపోతే మెకానికల్‌ పని చేసే సంస్థ పేరు, అర్హతలు, అనుభవ పత్రాలు టెండరు దశలోనే చూపాలనీ, శాఖ అనుమతి లేకుండా మార్చరాదనీ షరతు ఉండాలి. పని విలువ ఎక్కువగా ఉంటే విడిగా టెండరు పిలవడమే మంచిది. అప్పుడు సివిల్‌, విద్యుత్‌, మెకానికల్‌ పనుల మధ్య హద్దులు కాగితంపై స్పష్టంగా గీయాలి. గోడకు రంధ్రం ఎవరు చేయాలి, చేసిన రంధ్రాన్ని ఎవరు పూడ్చాలి, యంత్రం దాకా కేబుల్‌ ఎవరు తేవాలి.. మార్పు పనుల్లో తగాదాలు పుట్టేది ఇలాంటి చోటే.

'ఇలాంటి పని' అంటే ఏమిటి?

అనుభవం కొలవడానికి కేంద్ర విజిలెన్స్‌ కమిషన్‌ 2002లోనే ఒక కొలమానం సూచించింది. దాని ప్రకారం గత ఏడేళ్లలో అంచనా విలువలో 40 శాతానికి తగ్గని ఇలాంటి పనులు మూడు, లేదా 50 శాతానికి తగ్గనివి రెండు, లేదా 80 శాతానికి తగ్గనిది ఒకటి పూర్తిచేసి ఉండాలి. మూడేళ్ల సగటు వార్షిక టర్నోవరు అంచనా విలువలో కనీసం 30 శాతం ఉండాలి. ఉదాహరణకు పని విలువ రూ.2 కోట్లయితే రూ.80 లక్షల పనులు మూడు, లేక రూ.కోటి పనులు రెండు, లేక రూ.1.60 కోట్ల పని ఒకటి చేసి ఉండాలి. టర్నోవరు రూ.60 లక్షలకు తగ్గకూడదు. రాష్ట్ర శాఖలకు సొంత నిబంధనలు ఉన్నా వాటి సారం దాదాపు ఇలాంటిదే.

ఇక్కడ కీలకమంతా 'ఇలాంటి పని' అన్న రెండు మాటల్లోనే ఉంది. కార్యాలయాల్లో వంద స్ప్లిట్‌ ఏసీలు బిగించిన అనుభవాన్ని శస్త్రచికిత్స గదికి ఇలాంటి పనిగా లెక్కించవచ్చా? ఖాళీ స్థలంలో కొత్త భవనానికి గొట్టాలు వేసినవారిని, రోగులున్న వార్డు పక్కనే గొట్టం కోయాల్సిన పనికి అర్హులుగా తీసుకోవచ్చా? నిర్వచనం రాయకపోతే రెండింటికీ అవుననే జవాబు వస్తుంది. వాడుకలో ఉన్న ఆసుపత్రి భవనంలో డక్టులతో కూడిన శీతలీకరణ, వడపోత వ్యవస్థను అమర్చి, పరీక్షించి, అప్పగించిన అనుభవం అని ఒక్క వాక్యం రాస్తే అనర్హుల్లో అధికభాగం అక్కడే ఆగిపోతారు.

మరీ బిగించినా చేటే. జిల్లాలో ఎవరికీ అందని షరతులు పెడితే ఒకరిద్దరు పెద్ద సంస్థలకే పని కట్టబెట్టినట్లవుతుంది. పని విలువను బట్టి ఆర్థిక షరతులు తగ్గించవచ్చు. సాంకేతిక షరతులు మాత్రం గది వినియోగాన్ని బట్టి ఉండాలి. చిన్న ఆపరేషన్‌ థియేటరైనా రోగి పీల్చే గాలి ఒక్కటే.

థియేటర్‌ లెక్క ఇదీ..

మెకానికల్‌ పనుల్లో లెక్క ఎంత ముఖ్యమో ఒక ఉదాహరణ చెబుతుంది. 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న గదిలో 4 వేల ఘనపు అడుగుల గాలి ఉంటుంది. శస్త్రచికిత్స గదిలో గంటకు కనీసం 20 సార్లు గాలి మారాలని, అందులో 4 సార్లు బయటి తాజా గాలి ఉండాలని ఎన్‌ఏబీహెచ్‌ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే గంటకు 80 వేల ఘనపు అడుగులు, నిమిషానికి సుమారు 1,333 ఘనపు అడుగుల గాలి తిరగాలి. అందులో నిమిషానికి 267 ఘనపు అడుగులు బయటి నుంచి రావాలి. ఆ గాలి 0.3 మైక్రాన్‌ కణాలను 99.97 శాతం ఆపగల హెపా వడపోత గుండా రావాలి. గదిలో గాలి ఒత్తిడి వరండాలో కంటే ఎక్కువగా ఉండాలి. అప్పుడే తలుపు తెరిచినా బయటి దుమ్ము లోపలికి రాదు.

గోడకు రెండు స్ప్లిట్‌ ఏసీలు బిగిస్తే గది చల్లబడుతుంది. మామూలు స్ప్లిట్‌ ఏసీ ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది తప్ప బయటి గాలిని తీసుకురాదు. వైద్యుడికి చెమట పట్టదు, ఉష్ణోగ్రత సరిగానే చూపుతుంది. శస్త్రచికిత్స తరువాత గాయం చీము పట్టినప్పుడు దాన్ని ఏసీతో ముడిపెట్టి చూసేవారు ఉండరు. ఈ నష్టం లెక్కలకెక్కదు. అందుకే దిద్దుబాటు కూడా జరగదు.

క్షయ వంటి గాలి ద్వారా వ్యాపించే జబ్బులున్న రోగుల గదికి లెక్క తిరగబడుతుంది. అక్కడ ఒత్తిడి వరండాలో కంటే తక్కువగా ఉండాలి. గంటకు 12 సార్లు గాలి మారి, నేరుగా బయటకు పోవాలి. ఒకే డక్టు నుంచి సాధారణ వార్డుకూ, ఈ గదికీ కలిపి గాలి ఇస్తే ఒకరి జబ్బును మరొకరికి మోసే ఏర్పాటు చేసినట్లే. ఈ తేడా తెలియని గుత్తేదారు ఎంత తక్కువకు కోట్‌ చేసినా అది తక్కువ ధర కాదు.

డక్టు.. పొగకు రహదారి

అగ్నిప్రమాదాల్లో మంట కంటే పొగే ఎక్కువమందిని బలితీసుకుంటుంది. 2011 డిసెంబరు 9 తెల్లవారుజామున కోల్‌కతాలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి సెల్లారులో నిప్పు అంటుకుని సుమారు 90 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు మంచాలపై ఊపిరాడక మరణించిన రోగులే. పై అంతస్తులకు పొగ పాకడానికి ఏసీ డక్టులు కూడా దారి ఇచ్చాయని అప్పట్లో తేలింది. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింద విద్యుత్‌ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో 8 మంది, 2023 మార్చి 16న అదే నగరంలోని ఒక వాణిజ్య సముదాయంలో 6 మంది ప్రాణాలు కోల్పోయారు. రెండు చోట్లా ఉసురు తీసింది పొగే.

భవనం వినియోగం మారినప్పుడు ముప్పు ఎలా పెరుగుతుందో 2020 ఆగస్టు 9 నాటి విజయవాడ దుర్ఘటన చూపింది. హోటల్‌ను కొవిడ్‌ సంరక్షణ కేంద్రంగా మార్చిన ఆ భవనంలో మంటలు చెలరేగి 10 మంది మృతి చెందారు. హోటల్‌లో బస చేసేవాడు కేకలు వినగానే పరుగెత్తగలడు. సెలైన్‌ పెట్టుకున్న రోగి పరుగెత్తలేడు. భవనం అదే అయినా అందులో ఉండే మనిషి మారినప్పుడు మెట్లు, డక్టులు, నీటి గొట్టాల లెక్క మొదటి నుంచి మళ్లీ వేయాలి. 2021 జనవరిలో మహారాష్ట్రలోని భండారాలో, 2024 నవంబరులో ఉత్తర్‌ప్రదేశ్‌లోని ఝాన్సీలో శిశు సంరక్షణ విభాగాల్లో జరిగిన ప్రమాదాలు పదేసి మంది పసికందులను ఆ రాత్రికి రాత్రే బలిగొన్నాయి. పసికందులున్న చోట భద్రతంతా యంత్రాలపైనా, సిబ్బందిపైనా ఆధారపడి ఉంటుంది.

మెకానికల్‌ గుత్తేదారు చేయాల్సింది స్పష్టం. డక్టు ఒక అగ్ని నిరోధక గోడను దాటే ప్రతిచోటా వేడికి దానంతట అదే మూసుకునే ఫైర్‌ డ్యాంపర్‌ పెట్టాలి. పొగను గుర్తించగానే గాలి పంపే యంత్రం ఆగిపోయేలా అలారంతో అనుసంధానించాలి. గొట్టం కోసం శ్లాబుకు చేసిన రంధ్రాన్ని సిమెంటు సంచి గుడ్డతో కాక అగ్ని నిరోధక పదార్థంతో పూడ్చాలి. డ్యాంపర్‌ను తనిఖీ చేయడానికి సీలింగ్‌లో తలుపు వదలాలి. బిల్లులో చిన్నవిగా కనిపించే ఈ పద్దులే ధర తగ్గించుకునే క్రమంలో ముందుగా ఎగిరిపోతున్నాయి.

ప్రాణవాయువు గొట్టంలో..

కొవిడ్‌ రెండో విడత తరువాత ఆసుపత్రుల్లో ఆక్సిజన్‌ గొట్టాలు విస్తరించాయి. పీఎం కేర్స్‌ నిధులతోనే దేశవ్యాప్తంగా 12 వందలకు పైగా ఆక్సిజన్‌ ఉత్పత్తి ప్లాంట్లు ఏర్పాటయ్యాయి. ప్లాంటు నుంచి మంచం దాకా వచ్చే గొట్టం ఎంత జాగ్రత్తగా వేశారన్నది ప్లాంటు అంత ముఖ్యమే.

2016 మే నెలలో ఇందోర్‌లోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కొత్తగా సిద్ధం చేసిన శస్త్రచికిత్స గదిలో ఆక్సిజన్‌ రావాల్సిన గొట్టంలో మత్తుకు వాడే నైట్రస్‌ ఆక్సైడ్‌ వచ్చింది. ఇద్దరు చిన్నారులు కన్నుమూశారు. రంగు, వాసన లేని వాయువు ఏదో కంటికి తెలియదు. అందుకే ఏ గొట్టంలో ఏ వాయువు వస్తోందో ఒక్కొక్కటి తెరిచి, మిగిలినవి మూసి, పరికరంతో కొలిచి రాతపూర్వకంగా ధ్రువీకరించే వరకూ రోగికి గొట్టం తగిలించకూడదు. ఈ పరీక్షను గొట్టం వేసిన గుత్తేదారే కాక, పనితో సంబంధం లేని మరో అర్హుడు కూడా చేయాలి. మత్తు వైద్యుడు చూసి సంతకం పెట్టాలి.

గొట్టాల అతుకుల్లోనూ నైపుణ్యం కావాలి. నూనె మరకలు లేని వైద్య ప్రమాణాల రాగి గొట్టమే వాడాలి. అతికేటప్పుడు లోపల నైట్రోజన్‌ ప్రవహిస్తూ ఉండాలి. లేకుంటే లోపలి గోడకు నల్లటి పెచ్చు కట్టి, అది క్రమంగా రాలి, వెంటిలేటర్‌ దాకా వస్తుంది. గ్యాస్‌ వెల్డింగ్‌ వచ్చిన ప్రతివారికీ ఈ పని రాదు. అతికే పనివారి ధ్రువపత్రాలు, పని మొదలు కాకముందు నమూనా అతుకు కోసి చూపడం టెండరు షరతుగా ఉండాలి.

శ్లాబు మోసేదెంత? ట్రాన్స్‌ఫార్మర్‌ ఇచ్చేదెంత?

పాత భవనాల్లో మరచిపోయే మరో అంశం బరువు. డాబాపై 10 వేల లీటర్ల నీటి ట్యాంకు పెడితే నీటి బరువే 10 టన్నులు. ఏసీ బయటి యంత్రాలు ఒక్కొక్కటి వందల కిలోలు తూగుతాయి. వాటి అదురు అదనం. దశాబ్దాల కిందట రెండంతస్తులకు కట్టిన భవనం ఈ భారం మోస్తుందో లేదో స్ట్రక్చరల్‌ ఇంజినీరు తేల్చాలి. డక్టు దారి కోసం దూలానికి కన్నం పెట్టే ముందు కూడా ఆయన సంతకం ఉండాల్సిందే. శ్లాబులో కడ్డీలు ఎక్కడున్నాయో చూడకుండా కోర్‌ కటింగ్‌ చేసి కడ్డీ తెంచితే ఆ నష్టం తిరిగి పూడదు.

కరెంటు సంగతీ అంతే. శీతలీకరణ ఒక్కో టన్నుకు సుమారు 1 నుంచి 1.2 కిలోవాట్ల విద్యుత్‌ కావాలి. 40 టన్నుల సామర్థ్యం అదనంగా చేరితే 40 నుంచి 48 కిలోవాట్ల భారం పెరుగుతుంది. మంజూరైన లోడు, ట్రాన్స్‌ఫార్మర్‌, పాత కేబుళ్లు, జనరేటర్‌ దాన్ని తట్టుకోవాలి. అదనపు లోడుకు డిస్కంకు దరఖాస్తు పని మొదట్లోనే పెట్టాలి. యంత్రాలు వచ్చాక పెడితే ప్రారంభోత్సవం నాటికి జనరేటర్‌పైనే నడుస్తుంది. అనుసంధాన లోడు 100 కిలోవాట్లు లేదా కాంట్రాక్టు డిమాండు 120 కేవీఏ దాటే వాణిజ్య భవనాలను దృష్టిలో పెట్టుకుని 2017లో సవరించిన ఇంధన పరిరక్షణ భవన స్మృతి రూపొందింది. పెద్ద మార్పు పనుల్లో దాన్నీ సరిచూసుకోవాలి.

ప్రాంతాన్ని బట్టి యంత్రం ఎంపిక కూడా మారాలి. ఏసీల సామర్థ్యాన్ని సాధారణంగా బయటి ఉష్ణోగ్రత 35 డిగ్రీల వద్ద కొలుస్తారు. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల మే నెలలో 45 డిగ్రీలు నమోదవుతాయి. ఆ వేడిలో యంత్రం పేరుకు తగ్గ చల్లదనం ఇవ్వదు. కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్టణాల్లో ఉప్పుగాలి బయటి యంత్రం రెక్కలను తినేస్తుంది. వాటికి తుప్పు పట్టని పూత అడగాలి. నీటి కొరత ఉన్న అనంతపురం వంటి జిల్లాల్లో నీటితో చల్లబడే కూలింగ్‌ టవర్ల ఏర్పాటుకు ముందు ఆ నీరు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. ఒక జిల్లా అంచనా పత్రాన్ని పేరు మార్చి మరో జిల్లాలో వాడితే వచ్చే చిక్కులివి.

పాత ఏసీ వ్యవస్థను ఉంచాలా, తీసేయాలా అన్నదీ ముందే తేల్చాలి. పాత యంత్రాల్లో ఉండే ఆర్‌-22 వాయువు ఓజోన్‌ పొరకు హానికరం కావడంతో దాన్ని కొత్త పరికరాల తయారీలో వాడటాన్ని దేశంలో 2024 చివరితో నిలిపివేశారు. ఆ వాయువును గాలిలోకి వదిలేయకుండా సిలిండర్‌లోకి సేకరించాలి. దాని స్థానంలో ఎక్కువగా వస్తున్న ఆర్‌-32కు కొద్దిగా మండే గుణముంది. పాత పద్ధతిలో బీడీ కాలుస్తూ గ్యాస్‌ నింపే రోజులు కావివి.

రోగులుండగానే పనులు

ఆసుపత్రిని మూసి మరమ్మతు చేసే వెసులుబాటు జిల్లాల్లో ఉండదు. ఒక వార్డులో సుత్తి దెబ్బలు, పక్క వార్డులో బాలింతలు. పాత గోడ కొట్టినప్పుడు, పాత డక్టు విప్పినప్పుడు లేచే దుమ్ములో బూజు బీజాలుంటాయి. రోగ నిరోధక శక్తి తగ్గినవారికి, క్యాన్సర్‌ చికిత్సలో ఉన్నవారికి అవి ప్రాణాంతకం. పని జరిగే చోటును ప్లాస్టిక్‌ పరదాతో కాక గట్టి అడ్డుగోడతో వేరుచేయాలి. లోపలి గాలి బయటకు పోయేలా ఫ్యాను పెట్టాలి. శిథిలాలను రోగులు తిరిగే వరండా గుండా మోయకూడదు.

వెల్డింగ్‌, గ్రైండింగ్‌ పనులకు రోజువారీ అనుమతి పత్రం ఉండాలి. పక్కనే నిప్పార్పే సాధనంతో ఒక మనిషిని నిలబెట్టాలి. పని ముగిశాక కూడా కొంతసేపు అక్కడ కాపలా ఉంచాలి. ఆక్సిజన్‌, నీరు, కరెంటు ఏదైనా కాసేపు ఆపాల్సి వస్తే ముందురోజే వైద్యాధికారికి రాతపూర్వకంగా చెప్పి, ప్రత్యామ్నాయం సిద్ధమయ్యాకే ఆపాలి. ఏ వాల్వు ఏ వార్డుదో తెలియక ఒకటి మూసి చూద్దామనుకునే ధోరణిని ఆసుపత్రిలో అనుమతించరాదు. ఈ జాగ్రత్తలకు ఖర్చవుతుంది. ఆ ఖర్చు అంచనాలో విడిగా చూపకపోతే గుత్తేదారు పెట్టడు, శాఖ అడగలేదు.

టెండరులో ఉండాల్సినవి

* మెకానికల్‌ పని చేసే సంస్థ పేరు, వాడుకలో ఉన్న భవనాల్లో చేసిన పనుల ధ్రువపత్రాలు, ఆ పనుల ప్రస్తుత స్థితిపై వాడకందారు లేఖ
* పని స్థలంలో పూర్తికాలం ఉండే మెకానికల్‌ ఇంజినీరు పేరు, అర్హతలు
* పని మొదలుకాక ముందే ఉన్న భవనం కొలతలు, పాత గొట్టాలు, డక్టుల సర్వే
* గదివారీ ఉష్ణభారం, గాలి పరిమాణం లెక్కలు. చదరపు అడుగుల అంచనా లెక్క చెల్లదని స్పష్టమైన షరతు
* డక్టులు, గొట్టాలు, కేబుళ్లు, దూలాలు ఒకదానికొకటి అడ్డుపడకుండా ఉమ్మడి నక్షా
* కార్మికులకు పీఎఫ్‌, ఈఎస్‌ఐ, పనికి బీమా. ఎత్తుపై పనిచేసేవారికి రక్షణ సాధనాలు
* పరీక్షల జాబితా, పరీక్ష నెగ్గకపోతే చెల్లింపు నిలుపుదల
* పని ముగిశాక ఐదేళ్ల నిర్వహణకు టెండరు దశలోనే ధర

చివరి అంశం ప్రత్యేకంగా గమనించదగినది. యంత్రం కొనుగోలు ధరనే పోల్చితే నాసిరకం యంత్రం గెలుస్తుంది. ఐదేళ్ల నిర్వహణ ధరను, విద్యుత్‌ ఖర్చును కలిపి పోల్చితే ఫలితం తారుమారవుతుంది. నిర్వహణ భారం తనదేనని తెలిసిన గుత్తేదారు తనిఖీ తలుపు పెట్టడం మరచిపోడు.

అప్పగింత నాడే అసలు పరీక్ష

మీట నొక్కగానే చల్లటి గాలి వస్తే పని పూర్తయినట్లు బిల్లు రాసే ఆనవాయితీ పోవాలి. అగ్నిమాపక గొట్టాలను పనిచేసే ఒత్తిడి కంటే ఒకటిన్నర రెట్లతో పరీక్షించాలి. శీతలీకరణ గొట్టాల్లో నైట్రోజన్‌ నింపి ఒత్తిడి పడిపోవడం లేదని నిర్ధారించాలి. ప్రతి గదిలో గాలి పరిమాణం కొలిచి, లెక్కలోని అంకెతో పోల్చాలి. హెపా వడపోతకు లీకు పరీక్ష చేయాలి. కరెంటు తీసేసి జనరేటర్‌ మీద ఏవి నడుస్తున్నాయో చూడాలి. కృత్రిమ పొగ పెట్టి అలారం మోగుతోందా, గాలి యంత్రం ఆగుతోందా, డీజిల్‌ పంపు అందుకుంటోందా పరిశీలించాలి. ఈ పరీక్షలన్నీ ముగిసే వరకూ చెల్లింపులో చెప్పుకోదగ్గ వాటాను ఆపి ఉంచే షరతు ఒప్పందంలో ఉంటేనే ఇవి జరుగుతాయి. శీతాకాలంలో పని ముగిస్తే వేసవిలో మరోసారి పరీక్ష జరిపేలా చూడాలి.

పరీక్ష ఫలితాలతో పాటు భవనంలో వాస్తవంగా వేసిన గొట్టాల నక్షా, వాల్వుల పట్టిక, యంత్రాల పత్రాలు అప్పగించాలి. ఒక ప్రతి భవనంలోనే ఉండాలి. అక్కడి సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. రాత్రి రెండు గంటలకు నీటి గొట్టం పగిలితే వాల్వు ఎక్కడుందో తెలియాల్సింది విధుల్లో ఉన్న వార్డు బాయ్‌కి. జిల్లా కేంద్రంలోని కార్యనిర్వాహక ఇంజినీరుకు తెలిసి ప్రయోజనం లేదు.

ప్రైవేటులోనూ అంతే

ఇది ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితమైన సమస్య కాదు. ఇళ్లను నర్సింగ్‌ హోంలుగా, గోదాములను ఫంక్షన్‌ హాళ్లుగా, దుకాణాల పైఅంతస్తులను కోచింగ్‌ కేంద్రాలుగా మార్చే యజమానులు ప్రతి పట్టణంలో ఉన్నారు. వీరికి టెండరు నిబంధనలు ఉండవు. తెలిసిన ఏసీ మెకానిక్‌ చెప్పిందే లెక్క. అంత పెద్ద ఇంజినీరు మనకెందుకన్న భావన సహజమే. కనీసం మూడు పనులు చేసినా ముప్పు చాలావరకు తగ్గుతుంది. పని ఇచ్చే ముందు ఆ గుత్తేదారు గతంలో చేసిన భవనాన్ని స్వయంగా వెళ్లి చూడాలి. లెక్కలు, నక్షా కాగితంపై తీసుకోవాలి. చివరి విడత సొమ్ము పరీక్షల తరువాతే ఇవ్వాలి.

ప్రభుత్వ పనుల విషయంలో చేయాల్సింది ఇంకా సులువు. శస్త్రచికిత్స గది, శిశు సంరక్షణ కేంద్రం, ఐసోలేషన్‌ వార్డు.. ఒక్కోదానికి ఒక నమూనా మెకానికల్‌ షరతుల పత్రాన్ని ఇంజినీరింగ్‌ శాఖలు తయారుచేసి జిల్లాలకు పంపవచ్చు. ఆసుపత్రి అభివృద్ధి కమిటీలు ప్రారంభోత్సవానికి తేదీ ఖరారు చేసే ముందు పరీక్షల పత్రం తెప్పించుకుని చదవవచ్చు. దీనికి కొత్త చట్టం కానీ, కొత్త నిధులు కానీ అవసరం లేదు. ఉన్న నిబంధనలను అంచనా పత్రంలోకి ఎక్కించే ఓపిక ఉంటే చాలు.

రోగి బంధువు ఆసుపత్రిలో అడుగుపెట్టగానే గోడల రంగు చూస్తాడు. గొట్టంలో వస్తున్నది ఆక్సిజనేనా అని అతను అడగడు, అడిగే అవసరం రాకూడదు. ఆ ప్రశ్న అతని తరఫున ముందే అడగాల్సింది టెండరు రాసే ఇంజినీరు, బిల్లుపై సంతకం పెట్టే అధికారి.